సిన్స్ టూ ఇయర్స్ అంటే సారుకు ఎందుకంత మంట?

అనంతపురంలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. రెండు సిస్టములు, ఒక జిరాక్స్ మిషను, స్పైరల్ బైండింగ్ చేసే పాత మిషను ఒకటి, అంతే. పొద్దున పదింటికి షటర్ ఎత్తితే రాత్రి తొమ్మిది దాకా ఊర్లో వాళ్ల ఇంగ్లీషంతా నా చేతుల మీదుగానే పోతా ఉంటాది, బయోడేటాలు, లీవు లెటర్లు, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లి పత్రికలు. పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవార్లను పక్కన పెడితే నేను చూసినన్ని తప్పులు చూసినోళ్లు ఈ ఊర్లో ఎవరూ ఉండరనుకుంటా.

మొన్న ఒక పిల్లోడు బయోడేటా ప్రింటుకు వచ్చినాడు. పెన్ డ్రైవ్ పెట్టి ఫైలు ఓపెన్ చేస్తే మొదటి లైనులోనే మైసెల్ఫ్ అని పేరు, దాని కింద ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్, ఇంకా కింద ఐ యామ్ వర్కింగ్ ఇన్ మెడికల్ షాప్ సిన్స్ టూ ఇయర్స్. పక్కన పెన్షన్ కాగితాలు జిరాక్స్ చేయించుకుంటా ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు ఉన్నాడు, ఆయన కళ్లద్దాలు పైకి తోసుకొని స్క్రీను మీదికి వంగినాడు, అంతే ఇంక. "ఏమప్పా, డిగ్రీ చదివినావా లేదా? సిన్స్ టూ ఇయర్స్ ఏంది, సిన్స్ టూ ఇయర్స్! ఈ మాట వింటే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్లు ఉంటాది" అని జేబులోంచి ఎర్ర పెన్ను తీసినాడు. ప్రింటు ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది, లేకుంటే అక్కడికక్కడే గీకేసేవాడు.

పిల్లోడు బిక్కమొహం వేసినాడు. "నువ్వు తెలుగులో చెప్పు, ఏమంటావు?" అని నేనడిగినా.

"రెండేళ్ల నుంచి పనిచేస్తాండా అన్నా."

"ఆ, అదే రాసినావు నువ్వు."

నిజంగానే వాడు రాసింది తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. మనకు నుంచి అనే మాట ఒక్కటి చాలు, సోమవారం నుంచి అన్నా అదే, రెండేళ్ల నుంచి అన్నా అదే. ఇంగ్లీషోళ్లు ఆ ఒక్క మాటను రెండు చేసుకున్నారు. మొదలైన రోజో సంవత్సరమో చెప్తే సిన్స్, ఎంతకాలం అనే కొలత చెప్తే ఫర్. సిన్స్ 2022 కరెక్టు, సిన్స్ టూ ఇయర్స్ తప్పు, ఫర్ టూ ఇయర్స్ కరెక్టు. ఇంతటితో అయిపోతే బాగుండు, క్రియ దగ్గర ఇంకో గుంత ఉంది. పనిచేస్తాండా అని మనం ఇప్పటి సంగతి లాగా చెప్తాం, వాళ్లేమో ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా వచ్చిన పనికి ఐ యామ్ వర్కింగ్ పనికిరాదు, ఐ హావ్ బీన్ వర్కింగ్ అనాల అంటారు. అంటే ఒకే వాక్యంలో పిల్లోడు రెండుసార్లు పడినాడు, రెండుసార్లూ పడేసింది అమ్మ నేర్పిన భాషే.

మైసెల్ఫ్ కథ కూడా ఇంతే. నేను ఫలానా అని తెలుగులో పేరు చెప్పడానికి క్రియే అక్కర్లేదు, నేను, పేరు, అయిపాయె. ఇంగ్లీషులో మధ్యలో ఆ యామ్ లేకుంటే వాక్యం నిలబడదు. ఐ అంటే మరీ పొట్టిగా, పొగరుగా ఉంటాదేమో అని మన పిల్లోళ్లు మర్యాదకు మైసెల్ఫ్ ఎత్తుకుంటారని నా అనుమానం. ఇంకో విచిత్రం, సొంత ఇంగ్లీషోళ్లు కూడా ఆఫీసు మెయిళ్లలో మర్యాదకు పోయి ఎం, ఈ, మీ (నన్ను, నాకు) అని రాయాల్సిన చోట మైసెల్ఫ్ అని రాస్తారు, అది చూసి అక్కడి సార్లకు కూడా జెర్రి పాకుతాది.

హావింగ్ కొంచెం చిక్కుది. హావ్ అనే క్రియ మనకు లేదు. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు అంటాం, అన్నలు ఉన్నారు, నాకు ఉన్నారు, నేను చేసే పనేమీ లేదు అందులో. ఇంగ్లీషులో మాత్రం నేనే అన్నల్ని పట్టుకొని ఉన్నట్లు ఐ హావ్ అనాల. సరే హావ్ వచ్చింది, మరి తింటున్నాను వస్తున్నాను లాగా దానికి కూడా ఐఎన్‌జి తగిలిస్తే పోలా అని తగిలిస్తాం. జరుగుతా ఉండే పనికైతే ఐఎన్‌జి ఒప్పు, ఐ యామ్ హావింగ్ లంచ్ అనొచ్చు, ఎందుకంటే భోజనం కాసేపు జరిగి అయిపోతాది. అన్నలు అట్ల కాదు కదా, పొద్దున ఉండి సాయంత్రానికి అయిపోయే రకం కాదు. ఈ ముక్క చెప్తే పిల్లోడు నవ్వినాడు, సారు నవ్వలేదు.

ఒకసారి ఇది పట్టుబడితే మన తప్పులు సగానికి సగం తెలుగులోంచి తొంగిచూసేవే అని కనపడతాది. దాని గురించి చర్చించినాం, అందుకే డిస్కస్ అబౌట్. నిజానికి గురించి అనే ఆ అర్థం డిస్కస్ కడుపులోనే ఉంది, అబౌట్ అక్కర్లేదు. నా మీద కోపం, అందుకే యాంగ్రీ ఆన్ మీ, అక్కడ విత్ రావాల. ఆమెతో పెళ్లయింది, అందుకే మ్యారీడ్ విత్, అక్కడ విత్ రాకూడదు, టు రావాల. ఇందులో లాజిక్ వెతకొద్దు, ఏ భాషలోనూ విభక్తులకు లాజిక్ లేదు, బస్సులో పోయినాం బండి మీద పోయినాం అని మనం అనడం లేదా, ఇంగ్లీషోడొచ్చి ఎందుకట్లా అని అడిగితే ఏం చెప్తాం.

రేపే వస్తా అంటే చివర ఆ చిన్న ఏ ఉంది చూడు, దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి చోటు దొరక్క టుమారో ఓన్లీ అంటాం. వాళ్ల ఓన్లీకి మాత్రమే అని అర్థం, మన ఓన్లీకి నొక్కి చెప్పడం. డిడ్ నాట్ వెంట్ ఇంకో రకం. డిడ్ అనేదే అయిపోయిన కాలాన్ని నెత్తికెత్తుకుంది, మళ్లీ వెంట్ ఎందుకు మోయాల, ఆ బరువుకు ఒక కూలీ చాలు, కాబట్టి డిడ్ నాట్ గో. పోలేదు అన్నప్పుడు మన పో కూడా ఏ కాలమూ మోయదు చూడు, లేదు మీద పడేసి తను ఖాళీగా నిలబడుతుంది.

ఏ, యాన్, ది, ఈ మూడు మనకు అసలు లేవు, అందుకే మన పిల్లోళ్లు కొందరు పూర్తిగా మింగేస్తారు, కొందరు కొత్తిమీర చల్లినట్లు అన్నిటి మీదా చల్లుతారు. ది సంగతి ఒక పూటలో తేలేది కాదు గానీ ఏ, యాన్ మాత్రం తెలుగు వచ్చినోడికి అరనిమిషం పని. ఏ ఈ ఐ ఓ యు ముందు యాన్ అని బళ్లో బట్టీ పట్టించినారే, అది సగం తప్పు, చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. ఆ ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసుకో. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఏ. ఎమ్మెల్యే, ఎ అచ్చు, కాబట్టి యాన్ ఎమ్మెల్యే, ఇంగ్లీషులో ఎం హల్లే అయినా సరే. అవర్, అ అచ్చు, యాన్ అవర్, అక్కడ హెచ్ ఉత్తుత్తిదే. యూనివర్సిటీ, య హల్లు, ఏ యూనివర్సిటీ. వన్ రూపీ కాయిన్, వ హల్లు, ఏ వన్ రూపీ కాయిన్. ఇంగ్లీషు పిల్లోళ్లకు వాళ్ల స్పెల్లింగు అడ్డమొస్తాది, మనకు మన ఓనమాలే దారి చూపిస్తాయి. ఇది ఏ బళ్లోనూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కజిన్ బ్రదర్ అన్నారంటే మాత్రం నేను పిల్లోళ్ల తరఫునే. గ్రామర్ ప్రకారం తప్పే, కజిన్ అంటే చాలు. కానీ మన దగ్గర పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఒకడు తోడబుట్టినోడి లెక్క, ఇంకొకడు రేపు మొగుడు కూడా కావొచ్చు. ఆడపిల్ల పక్కన బండి మీద కూర్చున్నోడు కజిన్ అని చెప్తే కడపలో ఎవడికైనా ఏం అర్థమవుతాది? ఆ బ్రదర్ అనే ముక్క లేకుంటే మన ఇండ్లల్లో గొడవలు తేలవు. తోడల్లుడికి కో బ్రదర్ అని మాట పుట్టించుకున్నామంటే వాళ్ల భాషలో ఆ చుట్టరికానికి పేరే లేదు మరి, ఇద్దరు అల్లుళ్లు పండక్కి ఒకే అత్తగారింట్లో దిగితే వాళ్లనేమని పిలవాల? ప్రీపోన్ కూడా ఇట్లనే పుట్టింది. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ముందుకు జరపడానికి మాట ఎందుకు ఉండకూడదని మన దేశంలో వాడినారు, ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో కూడా ఉంది.

ఇదంతా పిల్లోడికి నేను చెప్తా ఉంటే సారు ఊరుకోలేక, "నేను సర్వీసులో ఉన్నప్పుడు పేరెంట్స్ మీటింగు పెట్టి మరీ చెప్పేవాణ్ని, ఐ డిస్కస్డ్ అబౌట్ దిస్ విత్ సో మెనీ పీపుల్" అన్నాడు. పిల్లోడు నన్ను చూసినాడు, నేను కీబోర్డు చూసినాను. జిరాక్స్ గిరాకీ నాకు ముఖ్యం.

మరి ఇంగ్లీషోళ్లు తప్పులు చేయరా అంటే బ్రహ్మాండంగా చేస్తారు, కానీ మన తప్పులు వాళ్లు చేయరు, వాళ్ల తప్పులు మనం చేయం. వాళ్లు భాషను చెవితో నేర్చుకుంటారు, తర్వాత బళ్లో రాయడం నేర్చుకుంటారు, అందుకే ఒకేలా వినిపించే మాటల దగ్గర బోల్తా పడతారు. కుడ్ హావ్ అనేది నోట్లో కుడవ్ అయిపోతే దాన్ని కుడ్ ఆఫ్ అని రాసేవాళ్లు అక్కడ లెక్కలేనంత మంది. నా షాపులో ఇన్నేళ్లకు ఆ తప్పు ఒక్కసారి కూడా చూడలేదు, ఎందుకంటే మనోళ్లు కుడ్ హావ్ అనే మాటను విన్నదానికంటే పుస్తకంలో చూసిందే ఎక్కువ.

వాళ్లను అన్నిటికంటే ఎక్కువ మండించేది ఇట్స్. ఐ, టి, ఎస్ అని రాస్తే దాని యొక్క అని అర్థం, టికి ఎస్‌కి మధ్య పైన చిన్న కామా లాంటిది పెడితే ఇట్ ఈజ్, లేదా ఇట్ హాజ్ అని అర్థం. పలకడం రెండూ ఒకటే. యొక్క అనడానికి పేర్లకు ఆ కామా ఎస్ పెడతారు కదా, మరి దీనికెందుకు లేదంటే, హిజ్, హర్స్ లాంటి సర్వనామాలకు ఆ కామా లేదు, ఇది ఆ గుంపులోది. చెప్పడానికి సులువే గానీ వెనక్కి పోతే పదిహేడో శతాబ్దంలో, పద్దెనిమిదిలో కూడా యొక్క అనే అర్థానికి కామా పెట్టి రాసినోళ్లు చాలామంది ఉన్నారు. ఈ కామాను కాపాడడానికి ఇంగ్లండులో జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ జర్నలిస్టు 2001లో ఒక సంఘమే పెట్టినాడు, పద్దెనిమిదేళ్లు కొట్లాడి, 2019లో 96 ఏళ్ల వయసులో, ఇంక నా వల్ల కాదు, బద్ధకమే గెలిచిందని మూసేసినాడు. తర్వాత ఇంకొకాయన మళ్లీ తెరిచినాడంట, అది వేరే సంగతి. మన సారుకు ఈ సంఘం గురించి చెప్తే చందా కట్టేవాడే.

ఇంకో కుప్ప ఉంది, అవి తప్పులే కావు, ఎవరో ఒకాయన నాకు నచ్చలేదు అంటే రూలు అయి కూర్చున్నవి. వాక్యం చివర ప్రిపొజిషన్, అంటే ఆన్, విత్, టు లాంటి మాట, రాకూడదు అంటారే, అది మొదట 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి తన ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్‌ను తప్పుపడతా అన్న మాట. 1762లో రాబర్ట్ లౌత్ అనే క్రైస్తవ మతగురువు, తర్వాత బిషప్పు కూడా అయినాడు, గ్రామర్ పుస్తకం రాస్తా ఇది గంభీరమైన రాతకు అంత బాగుండదు అన్నాడు. తమాషా ఏందంటే, మన భాషకు ఈ అలవాటు బాగా ఉంది అని చెప్పే ఆ వాక్యాన్నే ఆయన ప్రిపొజిషన్‌తో ముగించినాడు. లెక్కపెట్టే వాటికి ఫ్యూయర్, మిగతా వాటికి లెస్ అనే తేడా కూడా 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇట్లయితే బాగుంటుందేమో అని రాసుకున్న ముచ్చటే, అంతకుముందు వందల ఏళ్లుగా లెక్కపెట్టే వస్తువులకు కూడా లెస్ వాడినారు. మనకు రెంటికీ తక్కువ అనే మాట ఒక్కటే, ఏ కష్టమూ రాలేదు.

నాకు వీటన్నిట్లో బాగా నచ్చిన కథ యు ది. యు ఒకప్పుడు బహువచనం. ఒక్కడుంటే దౌ, ఎక్కువమంది ఉంటే యు, అచ్చం మన నువ్వు, మీరు. తర్వాత పెద్దోళ్లను మర్యాదకు యు అనడం మొదలైంది, మనం హెడ్మాస్టరు సారు ఒక్కడే అయినా మీరు, వచ్చినారు అన్నట్లు. మెల్లగా మర్యాద ఊరంతా పాకి చివరికి అందరినీ యు అనేసినారు, నువ్వు అనే మాట చచ్చిపోయింది. పదిహేడో శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ అనే ఆయన, క్వేకర్లనే మత శాఖకు మూలపురుషుడు, ఒక్కణ్ని పట్టుకొని బహువచనంలో యు అంటారా, ఇదేం గ్రామర్ అని మండిపడి పుస్తకమే తెచ్చినాడు. ఆయన లెక్కలో ఈ రోజు ప్రపంచమంతా మాట్లాడే ఇంగ్లీషు తప్పే. యు ఒక్కడైనా యు ఈజ్ అనకుండా యు ఆర్ అంటున్నామంటే ఆ పాత బహువచనం వాసన ఇంకా పోలేదన్నమాట. ఇప్పుడు ఆడో మగో తెలియని ఒక్క మనిషికి, వాళ్లు అని అర్థమొచ్చే దే అంటే కొంతమందికి తిక్క లేస్తుంది, అదీ పద్నాలుగో శతాబ్దం నుంచే ఉంది. మీరు అనే మాటతో రోజంతా బతికే తెలుగోడికి ఇందులో వింత ఏముంది?

తిక్క లేవడం అంటే గుర్తొచ్చింది. నేను డిగ్రీ అయినాక కొన్నాళ్లు కోస్తా వైపు పనిచేసినా, అక్కడ వచ్చినాడు, పోయినాడు అంటే ఏంటండీ మీ భాష అని నవ్వేవాళ్లు. వచ్చాడు కరెక్టంట, వచ్చినాడు మోటంట. పాత తెలుగు తీసి చూస్తే వచ్చినాడు అనేదే ముందు, అది నలిగి నలిగి వచ్చాడు అయింది. ఇంగ్లీషులో ఆస్క్‌ను యాక్స్ అనే నల్లజాతి వాళ్లను చూసి నవ్వుతారు కదా, వాళ్ల ఆదికవి లాంటి చాసర్ ఆ రూపం వాడినోడే. కాబట్టి మనిషికి మండేది తప్పును చూసా, తప్పు చేసినోణ్ని చూసా అని నాకు ఎప్పుడూ డౌటే. ఇదే సారు రోజూ నడిచే రోడ్డులో ఫ్లెక్సీల మీద హార్దిక అని ఉండాల్సిన చోట దకు వత్తిచ్చి హార్ధిక శుభాకాంక్షలు అని ఆరడుగుల అక్షరాల్లో ఉంటాది, భోజనం బోజనమై వత్తు లేకుండా హోటలు బోర్డుల మీద వేలాడతా ఉంటాది, ఒక్కనాడు ఎర్ర పెన్ను బయటికి తీయలేదు.

ఇంగ్లీషోడు మన మాటల్ని చేసింది తక్కువా? కడపకు సి, యు, రెండు డిలు, చివర హెచ్ తగిలించినారు, ఆ స్పెల్లింగు ప్రభుత్వం మార్చేసరికి 2005 వచ్చింది. పందికొక్కును బాండికూట్ అని డిక్షనరీలో ఎక్కించుకొని, అది చాలదన్నట్లు ఆస్ట్రేలియాలో సంచి ఉండే ఇంకేదో జంతువుకు ఆ పేరు పెట్టినారు. ఎవరూ సారీ చెప్పలేదు, ఇప్పుడు అదే కరెక్టు. అందరూ అట్లాంటోళ్లే అనను. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ తెలుగు నేర్చుకొని, 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు తెచ్చినాడు, 1854లో తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటలకు మిశ్రభాషా నిఘంటువని విడిగా ఇంకోటి వేసినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున లైబ్రరీ ఉంది. జనం కలిపి మాట్లాడితే గీకేయకుండా రాసిపెట్టుకున్న మనిషి.

అట్లని అన్ని తప్పులూ ముద్దొచ్చేవి కావు. అర్థం తిరగబడేవి కొన్ని ఉన్నాయి, అవి మాత్రం నేను గట్టిగా చెప్తా. మా షాపుకు వచ్చే ఇంకో పిల్లోడు ఇంటర్వ్యూకు పోయినాడు, డూ యు మైండ్ వర్కింగ్ నైట్ షిఫ్ట్ అని అడిగినారంట, వీడు ఉషారుగా యెస్ సార్, యెస్ సార్ అన్నాడంట. మైండ్ అంటే అక్కడ అభ్యంతరం. నైట్ షిఫ్టుకు నీకేమైనా అభ్యంతరమా అంటే, ఉంది సార్, ఉంది సార్ అని రెండుసార్లు చెప్పి వచ్చినాడు. ఉద్యోగం దానివల్లే పోయిందో ఇంకో దానివల్ల పోయిందో గానీ ఈ ముక్క చెప్పినప్పుడు వాడి మొహం చూడలేకపోయినా.

కాదు, లేదు ఉండే ప్రశ్నలు ఇంకా డేంజరు. మెయిల్ రాలేదా అంటే మనం ఆ, రాలేదు అంటాం, అడిగినోడి మాట నిజమే అని ఒప్పుకుంటా. ఇంగ్లీషులో అడిగినోడి మాటతో పని లేదు, జరిగిందేందో అదే చెప్పాల, వస్తే యెస్, రాకపోతే నో. ఫోన్లో మనోడు ఉత్త యెస్ అంటే అవతల మెయిల్ వచ్చేసిందని మూసేసుకుంటాడు. ఇట్లాంటప్పుడు యెస్, నో అనకుండా ఐ డిడ్ నాట్ గెట్ ఇట్ అని మొత్తం వాక్యం చెప్పడం మేలు. డౌట్ కూడా అంతే, మనకు డౌట్ అంటే అడగాలనుకున్న ప్రశ్న, వాళ్లకు నమ్మకం లేకపోవడం. అమెరికా మేనేజరు చెప్పిందంతా విని ఐ హావ్ ఎ డౌట్ అంటే, నువ్వు చెప్పేది నిజమో కాదో అన్నట్లు ఉంటాది. క్వశ్చన్ అంటే సరి.

పిల్లోడి బయోడేటాలో మైసెల్ఫ్ తీసేసినా, అన్నల్ని హావ్ కింద పెట్టినా, మెడికల్ షాపు ముందు ఏ పెట్టి, హావ్ బీన్, ఫర్ టూ ఇయర్స్ చేసినా. పిల్లోడు రెండు కాపీలు తీసుకొని, "అన్నా, ఏ ముందు అచ్చా హల్లా?" అని గొణుక్కుంటా పోయినాడు. తర్వాత సారు ఒక కవరు తీసి నా చేతిలో పెట్టినాడు, పెన్షన్ ఆఫీసుకు అర్జీ, ఆయన చేతిరాత ముత్యాల్లాగా ఉంది, టైపు చేయాలంట. మూడో లైనులో డిస్కస్డ్ అబౌట్ మై అరియర్స్ అని ఉంది. నేను అబౌట్ వదిలేసి కొట్టినా. ఆయన ప్రింటు కాగితం చేతికి తీసుకొని వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు, ఏమీ అనలేదు, సంతకం చేయడానికి జేబులోంచి పెన్ను తీసినాడు.

"ఎర్రది సార్ అది, ఆఫీసులో తీసుకోరు" అని నా నీలం పెన్ను ఇచ్చినా.